జిమ్ కుర్రాళ్ల చేతిలో జింకు డబ్బాలు

సంపాదకులు గారికి,

మా చెల్లెలి కొడుకు డిగ్రీ రెండో ఏడు. రెండు నెలలుగా పొద్దున్నే పరగడుపున ఏదో మాత్ర మింగడం, కాసేపటికి కడుపులో తిప్పుతోందంటూ బాత్‌రూమ్‌కి పరిగెత్తడం. డబ్బా తెచ్చి చూపించరా అన్నాను. జిమ్‌లో అమ్మారట. ముందువైపు కండలు తిరిగిన బొమ్మ, 'టెస్టోస్టిరాన్ బూస్టర్' (అంటే మగ హార్మోను పెంచేది) అని పెద్దక్షరాలు, వెనకవైపు చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో మాత్రకు 50 మిల్లీగ్రాముల జింకు అని. రోజుకు రెండు వేసుకోమన్నారట! మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మగవాళ్లకు రోజుకు చెప్పిన లెక్క 17 మిల్లీగ్రాములు, 40 దాటకూడదు.

జింకుకీ మగ హార్మోనుకీ సంబంధం ఉన్న మాట నిజం. బిహార్‌లో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో ఒక రోగిని చూశారు, వయసు 21, చూడ్డానికి పదేళ్ల పిల్లాడు, యవ్వన లక్షణాలే లేవు. అక్కడి పేదల తిండి రొట్టె, మాంసం దాదాపు లేదు, పైగా అతను మట్టి తినేవాడు. పులియబెట్టని రొట్టెలో ఉండే ఫైటేట్ అనే పదార్థం జింకును పట్టేసుకుని ఒంటికి అందనివ్వదని తర్వాత తేలింది. అదే డాక్టరు గారి బృందం 1996లో ఇంకో పరిశోధన ప్రచురించింది, నలుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకు ఇరవై వారాలు జింకు తక్కువున్న తిండి పెడితే వాళ్ల టెస్టోస్టిరాన్ దాదాపు నాలుగో వంతుకి పడిపోయింది. ఒంట్లో జింకు కొంచెం తక్కువగా ఉన్న వయసు మళ్లిన మగవాళ్లకు ఆరు నెలలు జింకు ఇస్తే ఆ హార్మోను దాదాపు రెట్టింపయింది.

ఇందులో అమ్మేవాళ్లు చెప్పని ముక్క ఒక్కటే. జింకు లోటు ఉన్నవాళ్లకే పెరిగింది. మాంసం, గుడ్లు, శనగలు, నువ్వులు తింటూ లోటు లేని కుర్రాడు ఎన్ని మాత్రలు మింగినా హార్మోను అలా పెరుగుతూ పోదు, నెలల తరబడి మింగితే మాత్రం ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత, కాళ్లు తిమ్మిర్లు రావచ్చు. శాకాహారుల ఇళ్లలో లోటు వచ్చే అవకాశం కొంత ఎక్కువ, కానీ మన అమ్మలు పిండి పులియబెట్టి ఇడ్లీ వేసినా, పెసలు నానబెట్టి మొలకలు కట్టినా ఆ ఫైటేట్ కొంత విరుగుతుంది. మావాడికి అసలు నీరసమెందుకంటే రాత్రి రెండింటిదాకా ఫోను చూస్తాడు, నిద్ర తక్కువైనా ఆ హార్మోను తగ్గుతుందని వాడికి ఎవరూ చెప్పలేదు. అనుమానం ఉంటే పొద్దుటిపూట రక్తపరీక్ష చేయించుకుని, తక్కువొస్తే ఇంకో రోజు మళ్లీ చేయించి, డాక్టరు దగ్గరికి వెళ్లాలి గానీ జిమ్ ట్రైనరు చెప్పాడని ఇంత డోసు మింగడమేంటండీ.

మగతనం పెంచుతామంటూ మందుల ప్రకటనలివ్వడం 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం నేరం. మందు కాదు, ఫుడ్ సప్లిమెంటే అన్న పేరుతో ఈ డబ్బాలు తప్పించుకుంటున్నాయి. ఆహార భద్రతా అధికారులు హోటళ్లతో పాటు జిమ్‌లలోని ఈ అల్మరాలు కూడా తెరిచి చూడాలి, ఎంత జింకుందో, రోజుకు ఎంత దాటకూడదో డబ్బా మీద తెలుగులో కనపడేలా రాయించాలి. మీ విలేకరులు ఒక్కసారి ఏదైనా జిమ్‌కి వెళ్లి ఆ డబ్బాల వెనకవైపు చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు పత్రికలో వేయండి.

– ఒక పాఠకుడు, ఖమ్మం