బుడమేరు వరదలో మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన మా సంఘానికి కృతజ్ఞతలు

మా సంఘ కాపరి అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజపు అక్కలకు, యౌవన సమాజపు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రభువైన యేసుక్రీస్తు నామమున మా కుటుంబమంతా వందనాలు తెలుపుకుంటున్నాము. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినప్పుడూ, ఆ తర్వాత మా ఇల్లు మళ్లీ నిలదొక్కుకునేవరకూ మీరు మాకు చేసిన సాయం గురించి మందిరంలో సాక్ష్యం చెప్పుకున్నాము, కనబడిన ప్రతివారి చేతులూ పట్టుకుని చెప్పుకున్నాము. అయినా అందరూ చదివేలా వ్రాసి చెప్పవలసింది ఇంకా మిగిలి ఉందని మనసుకు తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

సెప్టెంబరు 1వ తేదీ ఆదివారం. మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం జరుగుతుంది, దాన్నే బల్ల ఆదివారం అంటాము. ముందురోజంతా కుండపోతగా కురిసిన వానకు బుడమేరు పొంగి, గట్లకు గండ్లు పడి, ఆ నీరంతా సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీల మీదికి వచ్చిపడింది. మేము ఆరాధనకు బయలుదేరవలసిన వేళకు మా వీధిలో మోకాలి లోతు నీళ్లున్నాయి, మధ్యాహ్నానికి అవి ఛాతీ దాకా వచ్చాయి. మాది కింది వాటా. పక్షవాతం వచ్చి కుడి కాలూ చేయీ సరిగా ఆడని మా అమ్మను ఎత్తుకుని పై వాటాలోకి చేర్చుకున్నాము. కరెంటు పోయింది, సాయంత్రానికి ఫోన్లన్నీ ఆగిపోయాయి. అమ్మకు షుగరు ఉంది. ఆమె ఇన్సులిన్ కింది ఇంట్లోని ఫ్రిజ్‌లో, నీళ్ల అడుగున ఉండిపోయింది.

అదే వేళకు మందిరంలో ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. వానవల్ల ఆ రోజు వచ్చినవారే తక్కువ. ప్రతి ఆదివారం మా అమ్మ పక్కన కూర్చునే పెద్దావిడ ఆరాధన ముగియగానే అయ్యగారి దగ్గరికి వెళ్లి, "ఆమె బల్ల ఆదివారం మానే మనిషి కాదండీ, ఏదో అయి ఉంటుంది" అన్నారట. అమ్మగారు మాకు ఫోన్ చేస్తే కలవలేదు. అప్పుడు పెద్దలు సంఘ రిజిస్టరు తెరిచి, బుడమేరు అవతల ఉన్న కుటుంబాలెవరు, ఏ వీధి, ఎవరింట్లో మంచం పట్టిన పెద్దలున్నారు, ఎవరింట్లో పసిపిల్లలున్నారు అన్నది ఒక కాగితం మీద వ్రాసుకున్నారు. సోమవారం ఉదయం మన యౌవనస్థులు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరికి వచ్చారు. పడవలు చాలక జనం బారులు తీరి ఉంటే, లారీ ట్యూబులు తెచ్చి, వాటి మీద నవారు మంచం కట్టి, తాళ్లు పట్టుకుని గొంతు లోతు నీళ్లలో నడుచుకుంటూ మా ఇంటి దాకా వచ్చారు. మెట్ల దగ్గర నిలబడి వారు మొదట అడిగిన మాట, "మామ్మగారు ఎలా ఉన్నారు?" అని. ఆ మాట విన్నప్పుడు నా భార్య ఏడ్చిన ఏడుపును నేను వ్రాయలేను.

ఆ రోజుల్లో మాకు సాయం చేసినవారు ఎందరో ఉన్నారు, వారందరి పేరునా ఇక్కడ కృతజ్ఞతలు చెప్పుకోవలసిందే. ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి, నమోదైన వరదలన్నిటికంటే ఎక్కువగా ప్రవహిస్తున్న ఆ వేళ, జాతీయ విపత్తు స్పందన దళం వారు పడవలతో తిరిగారు, హెలికాప్టర్లతోనూ డ్రోన్లతోనూ ఆహార పొట్లాలు అందించారు, నీరు తీశాక అగ్నిమాపక శకటాలతో వీధులూ ఇళ్లూ కడిగించారు. కింది వాటాల వారికి ప్రభుత్వం ప్రకటించిన 25,000 రూపాయలు మాకూ అక్కరకు వచ్చాయి. పై వాటాలోని ముస్లిం కుటుంబం తమకున్న బియ్యం మాతో పంచుకుని వండిపెట్టింది. వారి రుణం మేము తీర్చుకోగలిగినది కాదు. ఇదంతా దేవుడు పంపిన సాయమేనని నా నమ్మకం, అందులో దేన్నీ తక్కువ చేయడానికి నేను సంఘం మాట ఎత్తడం లేదు.

అయితే సంఘం నుంచి వచ్చిన సాయంలో ఒక ప్రత్యేకత ఉంది. అది మమ్మల్ని ఎరిగి వచ్చింది. పులిహోర పొట్లం ఆకలిగొన్న ఎవరికైనా అన్నమే, కానీ మా అమ్మ దాన్ని నమలలేదు, మింగలేదు. ఆమెకు రాగిజావ పలచగా ఉండాలని, ఉప్పు తక్కువ వేయాలని సంఘంలో వారికి తెలుసు. మంచంతోపాటు వచ్చిన సంచిలో ఆ జావ ఉంది. దాని పక్కన ఐసు ముక్కలు పోసిన థర్మాస్ ఫ్లాస్కులో, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మన సంఘపు చెల్లెలు పంపిన ఇన్సులిన్ ఉంది. ఎన్ని యూనిట్లు వేయాలో చీటీ కూడా వ్రాసి పంపింది. అమ్మకు ఏ రకం ఇన్సులిన్ వాడతారో ఆ చెల్లెలికి ఆ ఒక్క పూటలో తెలియలేదు. గురువారం గృహ కూడికలకు మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ అమ్మ మంచం మీద కూర్చుని, ఆమె కాళ్లు చూసి, మందుల డబ్బా చూసి, ఏళ్లుగా తెలుసుకున్న సంగతి అది. ఆపద వచ్చిన రోజున పుట్టుకొచ్చే ప్రేమ కూడా గొప్పదే, కానీ ఆపద లేని రోజుల్లో ఓపికగా కూడబెట్టిన ప్రేమ ఎంత దూరం నడిచి వస్తుందో మేము ఆ మెట్ల మీద నిలబడి చూశాము.

నీళ్లు తీసిన తర్వాత ఇంటి తలుపు తోయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. లోపల చీలమండ లోతు బురద. ప్లైవుడ్ అలమర ఉబ్బి విచ్చిపోయింది, బియ్యం డబ్బాలో బియ్యం కుళ్లి వాసన పట్టింది, పరుపులు నీరు తాగి నలుగురు పట్టినా లేవలేదు. స్త్రీల సమాజం వారు చీపుర్లు, తట్టలు, బ్లీచింగ్ పౌడరు పట్టుకుని వచ్చి, కొంగులు బిగించి, ఆ బురదను తట్టలకెత్తి వీధిలో పోశారు. వారిలో ఒక అక్క ఇల్లు వాంబే కాలనీలో ఉంది. ఆమె ఇంట్లోకీ నీళ్లు వచ్చాయని, ఆమె సామానూ పోయిందని మాకు ఆ సాయంత్రం గానీ తెలియలేదు. ఎందుకమ్మా ముందు చెప్పలేదని నా భార్య అడిగితే, రేపు అందరమూ కలిసి మా ఇంటికి వెళ్తాము గదా అన్నది. మరునాడు మేమూ చీపుర్లు పట్టుకుని వెళ్లాము. దీనత్వంలో ఉండి కూడా యెరూషలేములోని పరిశుద్ధుల కోసం శక్తికి మించి ఇచ్చిన మాసిదోనియ సంఘాల సంగతి రెండవ కొరింథీ పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో ఎన్నోసార్లు చదివాను గాని, ఆ అక్క ముఖం చూసిన తర్వాత ఆ అధ్యాయం చదవడం వేరుగా ఉంది.

మరొక సంగతి చెప్పకపోతే ఈ కృతజ్ఞత అసంపూర్ణంగా ఉంటుంది. బీరువా కింది అరలో అమ్మ బైబిలు తడిసి ముద్దయిపోయి దొరికింది. దాని మొదటి పేజీల్లో మా తాతగారి కాలం నుంచి ఇంట్లోని పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, మరణాలు తేదీలతో వ్రాసి ఉన్నాయి. నేను దాన్ని పనికిరాదనుకున్న సామానులో పెట్టబోతుంటే, అమ్మ పక్కన కూర్చునే ఆ పెద్దావిడే దాన్ని తీసుకుని తమ ఇంటికి పట్టుకుపోయారు. ఆకుకూ ఆకుకూ మధ్య పాత దినపత్రిక ముక్కలు పెట్టి, అవి తడిసిన కొద్దీ మారుస్తూ, ఫ్యాను కింద ఆరబెట్టి, అతుక్కున్న పేజీలను దువ్వెన వెనుక అంచుతో మెల్లగా విడదీసి, చివరికి తెచ్చి అమ్మ ఒడిలో పెట్టారు. సిరా అలికి కొన్ని పేర్లు మసకబారాయి. నా బాప్తిస్మపు తేదీ మాత్రం చదవడానికి వీలుగా ఉంది.

ఇక నా మనసులో అన్నిటికంటే లోతుగా దిగిన సంగతి. మా అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆమె తన వారిని ఎందరినో పోగొట్టుకుంది. ఆ తర్వాత విజయవాడలో ఒక సంఘంవారు ఆమెను చేరదీసి, చదివించి, పెళ్లి చేశారు. అలాంటి మనిషి కావడంవల్ల నీళ్ల చప్పుడు ఆమెకు మా అందరికంటే వేరుగా వినిపించింది. సురక్షితమైన చోటికి చేరిన తర్వాత ఆమె ప్రార్థన మానేసింది. ప్రతి ఉదయం గొంతెత్తి కీర్తన పాడుకునే అమ్మ, చేతులు జోడించమన్నా గోడవైపు తిరిగి పడుకునేది. ఏం చెప్పాలో మాకు తోచలేదు. పెద్దల భార్యల్లో ఒకరు వచ్చి ఆమె తల నిమిరి, "మీకు చేతకానన్నాళ్లు మీ బదులు మేము చేస్తాము వదినా, మీరు ఊరికే పడుకోండి" అన్నారు. వాదించలేదు, వాక్యం ఎత్తి గద్దించలేదు. రోజూ సాయంత్రం ఇద్దరు ముగ్గురు వచ్చి, మంచం చుట్టూ కూర్చుని, నెమ్మదిగా పాడి, ప్రార్థించి వెళ్లారు. కొన్నాళ్లకు అమ్మ పెదవులు వారితోపాటు కదిలాయి. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆమె తానే ముందుగా ఎత్తుకుంది.

మార్కు సువార్త రెండవ అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకువచ్చి, ఇంటి కప్పు విప్పి యేసు ఎదుట దింపుతారు. అక్కడ ప్రభువు చూసినది వారి విశ్వాసాన్ని అని వ్రాయబడి ఉంది. మంచం మీద ఉన్నవాడు ఏం నమ్మాడో సువార్తికుడు వేరుగా చెప్పలేదు. క్రైస్తవుడికి సంఘం ఎందుకు అవసరమని ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు ఈ అధ్యాయమే చూపిస్తాను. మన శరీరాన్ని మోయడానికి మనుషులు కావాలని అందరికీ తెలుసు. మన విశ్వాసం కూడా కొన్ని కాలాల్లో తన కాళ్ల మీద తాను నిలవలేదని, అప్పుడు దాన్ని ఇతరులు మోయవలసి ఉంటుందని, అందుకు ముందునుంచీ మన పేరూ ఇల్లూ ఎరిగినవారు ఉండాలని తక్కువమంది గ్రహిస్తారు. హెబ్రీ పత్రిక పదవ అధ్యాయంలో సమాజంగా కూడటం మానవద్దని చెప్పిన మాటను చాలామంది హాజరుపట్టీ లాంటి ఆజ్ఞగా చదువుతారు. అక్కడే, దానికి ముందు, ప్రేమ చూపడానికీ సత్కార్యాలు చేయడానికీ ఒకరినొకరు పురికొల్పుకోవాలని, ఒకరి గురించి ఒకరు ఆలోచించాలని ఉంది. కూడకపోతే ఎవరు రాలేదో తెలియదు, తెలియకపోతే ఆలోచించేదెవరు?

టీవీలోనూ ఫోన్‌లోనూ వాక్యం వినడం మంచిదే. పక్షవాతం వచ్చిన మా అమ్మ కూడా ఎంతో వాక్యాన్ని అలాగే వింటుంది. కానీ ఆ ఆదివారం ఆమె వినకపోతే, వినలేదని ఆ బోధకుడికి తెలిసే మార్గం లేదు. బిడ్డ వేళకు ఇంటికి రాకపోతే అన్నం మీద మూత పెట్టి గుమ్మంలోకి వచ్చి చూసే తల్లిలాంటిది సంఘం. మన ఖాళీ కుర్చీని గమనించే కళ్లు ఉన్నచోటే మనం ఆ ఇంటివారమని నేను నమ్ముతున్నాను.

పుచ్చుకోవడం గురించి కూడా ఒక మాట. చీరలు, గిన్నెలు, గ్యాసు పొయ్యి, సంఘ సహాయ నిధి నుంచి ఇచ్చిన డబ్బు తీసుకోవడానికి నా భార్య చాలా సిగ్గుపడింది. ఇన్నాళ్లూ ఇచ్చే వరుసలో ఉన్నవాళ్లం గదా అని బాధపడింది. అమ్మగారు ఆమెతో ఫిలిప్పీ పత్రిక నాలుగవ అధ్యాయం చదివించారు. చెరసాలలో ఉన్న పౌలు, ఎపఫ్రొదితు చేతికి ఫిలిప్పీ సంఘంవారు ఇచ్చి పంపిన వస్తువులు అందాయని, తాను థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడా వారు మళ్లీ మళ్లీ పంపారని, ఏ దాపరికం లేకుండా వ్రాసుకున్నాడు. అంత గొప్ప అపొస్తలుడు పుచ్చుకోవడానికి వెనుకాడలేదు, పుచ్చుకున్నందువల్ల చిన్నబోలేదు. వారి సాయం దేవునికి ఇష్టమైన సువాసనగల యాగమన్నాడు. ఆ అధ్యాయం చదివాక నా భార్య ఆ చీరల్లో ఒకటి కట్టుకుని ఆదివారం మందిరానికి వచ్చింది. ఇచ్చిన అక్క ఆమెను చూసి నవ్వింది. ఇద్దరి మధ్యా ఎక్కువ తక్కువల లెక్క లేకపోవడం నేను కళ్లారా చూశాను.

ఈ సందర్భంగా మన సంఘపు పెద్దలకు చిన్నవాణ్ణిగా ఒక మనవి చేసుకుంటున్నాను. మా అమ్మ పేరు రిజిస్టరులో ఉంది కాబట్టి, ఆమె పక్కన కూర్చునేవారు ఉన్నారు కాబట్టి మమ్మల్ని వెతకగలిగారు. కానీ చదువుల కోసం, ఆసుపత్రుల్లో ఉద్యోగాల కోసం, దుకాణాల్లో పని కోసం ఎక్కడెక్కడి జిల్లాల నుంచో విజయవాడకు వచ్చి, హాస్టళ్లలోనూ అద్దె గదుల్లోనూ ఉంటూ, ఆదివారం చివరి వరుసలో కూర్చుని, ఆశీర్వాదం కాగానే ఎవరితోనూ మాట కలపకుండా వెళ్లిపోయే పిల్లలు మన మందిరంలో ఎందరో ఉన్నారు. ఆ వరద రోజున వారిలో ఎవరైనా నీళ్లలో చిక్కుకుని ఉంటే మన కాగితం మీద వారి పేరు ఉండేది కాదు. వారి పేరు, ఊరు, ఉండే గది, ఇంటి ఫోన్ నంబరు అడిగి వ్రాసుకునే బాధ్యతను ఒకరిద్దరికి అప్పగించాలని కోరుతున్నాను. ఆ పని మాకు అప్పగిస్తే నేనూ నా భార్యా సంతోషంగా చేస్తాము. ఆరాధన అయ్యాక వారిలో ఇద్దరినైనా భోజనానికి తీసుకువెళ్లడం మేము ఇప్పటికే మొదలుపెట్టాము. మిగిలిన కుటుంబాలవారు కూడా కలిసివస్తే ఏ ఆదివారమూ ఎవరూ గదికి వెళ్లి ఒంటరిగా తినవలసిన పని ఉండదు.

ఇంటికి సున్నం, రంగులు వేయించడం పూర్తయింది. మందిరం నుంచి తెచ్చుకున్న చాపలు, రెండు పెద్ద గిన్నెలు, టేబుల్ ఫ్యాను శుభ్రం చేసి తిరిగి అప్పగించాము. మరొక కుటుంబానికి అవసరమైతే అవి అక్కడ సిద్ధంగా ఉన్నాయి. వచ్చే శనివారం సాయంత్రం ఆరు గంటలకు మా ఇంట్లో కృతజ్ఞత కూడిక, ఆ తర్వాత ప్రేమవిందు ఏర్పాటు చేశాము. సంఘంవారందరూ, పై వాటా కుటుంబమూ, మా వీధివారూ తప్పక రావాలని కోరుకుంటున్నాము. మంచం మోసిన తమ్ముళ్లను మాత్రం అమ్మ పేరుపేరునా రమ్మని మరీ మరీ చెప్పమంది. మీలో ఇద్దరు పరీక్షల వల్ల రాలేమన్నారని తెలిసి, మీ పరీక్షలు అయ్యాక మళ్లీ వండిస్తానని కూడా చెప్పింది. వంటకు సాయం పట్టేవారు నాలుగు గంటలకే రావలసిందిగా మనవి.