ఉదయపురం పండుగలు మన పంచాంగం ప్రకారం ఎప్పుడు?

సంపాదకుల వారికి,
నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో రాజస్థాన్‌లోని ఉదయపురం గురించి వచ్చిన యాత్రా వ్యాసం బాగుంది. అయితే అందులో హరియాలీ అమావాస్య జాతర ‘శ్రావణ అమావాస్య నాడు’ జరుగుతుందని రాసి, అక్కడితో ఆపేశారు. కోనసీమలోగాని, మా పాలకొల్లు, భీమవరం వైపుగాని ఆ మాట చదివినవారు దాన్ని పోలాల అమావాస్యగానే తీసుకుంటారు. ఆ లెక్కన టికెట్లు చేయించుకుంటే, జాతర ముగిసిన నెల రోజులకు అక్కడ రైలు దిగుతారు.

మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, వారికి పౌర్ణమితో ముగుస్తుంది. అందువల్ల బహుళ పక్షం వారి నెలకు మొదట్లోనూ మన నెలకు చివర్లోనూ వస్తుంది. వారి శ్రావణ అమావాస్య మనకు ఆషాఢ అమావాస్య, అంటే చుక్కల అమావాస్య. దీపావళిని మనం ఆశ్వయుజ అమావాస్య అంటుంటే వారు కార్తీక అమావాస్య అనడం కూడా ఇందువల్లనే. శుద్ధ పక్షంలో వచ్చే పండుగలకు మాత్రం ఈ తేడా ఉండదు.

ఇది పంచాంగం పట్టింపు మాత్రమే అయితే ఈ ఉత్తరం రాసి ఉండేవాణ్ణి కాను. ఉదయపురానికి ఏ నెలలో వెళ్లామన్నదాన్ని బట్టి అక్కడ కంటికి కనిపించేదే మారిపోతుంది. ఆ ఊరిని ఆనుకుని ఉన్న పెద్ద సరస్సులు మనుషులు గట్టు వేసి నిలిపినవే. ఏడాదంతా పారే గోదావరి వంటి నది వారికి లేదు. ఆరావళి కొండల మీద వానాకాలపు మూడు నెలల్లో పడిన వానే ఏడాదికి ఆధారం. పిఛోలా సరస్సు 14వ శతాబ్దం చివర, మహారాణా లాఖా కాలంలో, ధాన్యం తోలుకుపోయే ఒక బంజారా వర్తకుడు అక్కడి వాగుకు అడ్డంగా వేయించిన కట్టతో మొదలైందని చెబుతారు. ఊరు ఆ తర్వాత వచ్చింది. మహారాణా రెండవ ఉదయ్ సింగ్ 1559లో ఇక్కడ నగరానికి పునాది వేసి, పిఛోలా కట్టను పెంచి బలపరిచాడు. 1568లో చిత్తోడ్ కోట అక్బరు వశమయ్యాక మేవాడ్ రాజ్యానికి ఇదే రాజధాని అయింది. నీరు ముందు, రాజభవనాలు తర్వాత అన్న ఈ వరుసను మీ వ్యాసం తిరగేసి చెప్పినట్లు నాకు అనిపించింది.

లాకులూ కాలువల మధ్య పెరిగిన మన డెల్టా వారికి నచ్చవలసిన సంగతి మరొకటి ఉంది. 17వ శతాబ్దంలో కట్టిన ఫతేసాగర్ గట్టు దెబ్బతినగా, 19వ శతాబ్దం చివర మహారాణా ఫతేసింగ్ దాన్ని తిరిగి కట్టించాడు. పిఛోలాకూ ఫతేసాగర్‌కూ నడుమ స్వరూప్ సాగర్ ఉండి రెండింటినీ కలుపుతుంది. మిగులు నీరు ఆయడ్ నదిలో పడి ఉదయసాగర్ చెరువుకు చేరుతుంది. అక్కడి నుంచి బేడచ్, బనాస్, చంబల్, యమున, గంగ మీదుగా, మన అంతర్వేది ముందున్న బంగాళాఖాతంలోనే కలుస్తుంది. ఫతేసాగర్ మధ్య దీవి మీద 1970ల్లో సూర్య పరిశోధనశాల నెలకొల్పారు. చుట్టూ నీరుంటే పైనున్న గాలి వేడికి అంతగా కదలదు గనుక సూర్యబింబం నిలకడగా కనిపిస్తుంది. 2025 జనవరిలో, చిత్తడి నేలల రక్షణ కోసం దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం కింద చిత్తడి నేలల నగరాలుగా గుర్తింపు పొందిన తొలి భారతీయ నగరాలు ఇండోర్, ఉదయపురమే.

పండుగలు కూడా ఈ నీటి చుట్టూనే తిరుగుతాయి. చైత్ర శుద్ధ తదియ నాడు, అంటే ఉగాది నుంచి మూడో రోజున, గణగౌర్ వస్తుంది. ఈశ్వరుడు, గౌరి కొయ్య బొమ్మలకు బట్టలు కట్టి, నగలు పెట్టి, స్త్రీలు నెత్తిన పెట్టుకుని పాటలు పాడుతూ గణగౌర్ ఘాట్ మెట్లు దిగి పిఛోలా అంచుకు చేరుతారు. అట్లతద్దె నోచిన మన ఆడపడుచులకు ఆ గౌరిని వేరే పరిచయం చేయనక్కర్లేదు. హరియాలీ అమావాస్య జాతర ఫతేసాగర్ గట్టు మీద, సహేలియోం కీ బాడీ తోట దగ్గర రెండు రోజులు సాగుతుంది. రెండో రోజు పూర్తిగా ఆడవారిదే, మగవారికి ప్రవేశం లేదు. ఇక భాద్రపద శుద్ధ ఏకాదశి నాటి జల్ ఝూల్నీని మీ వ్యాసం అసలు ప్రస్తావించలేదు. ఆ రోజు ఊళ్లోని గుళ్లలో ఉన్న ఉత్సవమూర్తులను పల్లకీలలో ఊరేగిస్తూ పిఛోలాకు తెచ్చి స్నానం చేయిస్తారు.

మనవారు ఉదయపురంతో కలిపి నాథద్వారా కూడా చూసి వస్తారు. అక్కడ శ్రీకృష్ణుని శ్రీనాథుడన్న పేరుతో కొలిచే పుష్టిమార్గమనే భక్తి సంప్రదాయాన్ని స్థాపించిన వల్లభాచార్యులది తెలుగు కుటుంబమన్న సంగతి బస్సులో ఎవరూ చెప్పరు. ఆ దారిలో కాస్త ముందుకు వెళితే రాజ్‌సమంద్ సరస్సు ఉంది. కరువు వేళ జనానికి పని చూపడానికి మహారాణా రాజ్‌సింగ్ 1662లో మొదలుపెట్టించిన కట్ట అది. దాని మీద 25 రాతి పలకలపై చెక్కించిన సంస్కృత కావ్యం, రాజప్రశస్తి, ఇప్పటికీ నిలిచి ఉంది. 1847 నుంచి 1852 వరకు సాగిన ధవళేశ్వరం ఆనకట్ట పని వెనుక కూడా కరువే ఉంది గనుక, కాటన్ దొరకు దండం పెట్టే మనవారు అక్కడ ఒక గంట ఆగవచ్చు.

ఇంతా చెప్పాక అసలు ఇబ్బంది మనవైపే ఉంది. మా ప్రాంతం నుంచి యాత్రా బస్సులు దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక, కాలువలు కట్టేసిన మే నెలలో బయలుదేరుతాయి. అప్పటికి అక్కడి సరస్సుల్లో నీరు బాగా తగ్గి ఉంటుంది. వరుస కరువులు వచ్చిన ఏళ్లలో పిఛోలా అడుగే బయటపడి, నీటి నడుమ ఉండవలసిన జగ్‌నివాస్ భవనం మెట్టనేల మీద నిలిచిన సందర్భాలున్నాయి. హరియాలీ అమావాస్యకు వెళదామంటే ఇక్కడ సార్వా (మొదటి పంట) నాట్ల అదను, రైతు కదలలేడు. వినాయక చవితి వెళ్లిన వారానికి వచ్చే జల్ ఝూల్నీ ఏకాదశి ఒక్కటే మన పనులకూ వారి నీటికీ కుదురుతుంది: ఇక్కడ నాట్లు ముగిసి కోతలకు వ్యవధి ఉంటుంది, అక్కడ వానలు కురిసి చెరువులు నిండి ఉంటాయి.

కనుక మీ పత్రిక హరియాలీ అమావాస్య తేదీకి ఒక సవరణ వేయాలనీ, ఇకమీదట ఉత్తరాది బహుళ పక్షపు పండుగల గురించి రాసినప్పుడల్లా మన మాసం పేరు కూడా పక్కనే అచ్చు వేయాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా