తాతయ్య మెడల్ దొరికింది

నాలుగు రోజులుగా ఫోన్లు చేసి, మెసేజ్‌లు పెట్టి అడుగుతున్న అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాను. దొరికింది. ఇప్పుడు అమ్మమ్మ దిండు కింద ఉంది. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక లేదు, ఏమీ అనుకోకండి. బురద ఎత్తీ ఎత్తీ ఫోన్ పట్టుకున్నా చేతులు వణుకుతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మా తాతయ్య మద్రాస్ సాపర్, అంటే ఆర్మీ ఇంజనీర్ల దళం మనిషి. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్‌తో యుద్ధంలో, షకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర పోయారు. మన ట్యాంకులు నది దాటి ముందుకెళ్లాలంటే ముందు నేలలో పాతిపెట్టిన మైన్లు తీయాలి. ఆ పని సాపర్లది. ట్యాంకులో పోరాడి డిసెంబర్ 16న ప్రాణం వదిలిన అరుణ్ ఖేతర్‌పాల్ పేరు చాలామందికి తెలుసు, తెలియాలి కూడా. ఇరవై ఒక్క ఏళ్ల పిల్లవాడు, మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. ఆ ట్యాంకుల కంటే ముందు, చీకట్లో మోకాళ్ల మీద నేల తడుముకుంటూ వెళ్లిన వాళ్ల పేర్లు మాత్రం ఎవరూ అడగరు. అక్కడే ప్రాణాలిచ్చిన ఇంజనీర్ల మేజర్ విజయ్ రతన్ చౌధరికి మహావీర చక్ర వచ్చిందని ఎంతమందికి తెలుసు? మా తాతయ్యది వీర చక్ర. అప్పటికి అమ్మమ్మకి ఇరవై రెండు, మా అమ్మకి ఏడాది.

మెడల్ పాత రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. వెండిది. నక్షత్రం, దాని నడుమ మూడు సింహాలు. వెనక రెండు తామర పూలు. రిబ్బన్ సగం ముదురు నీలం, సగం కాషాయం. ఏటా డిసెంబర్ 16న అమ్మమ్మ దాన్ని తీసి, దీపం పెట్టి, మళ్లీ బిస్కెట్ల డబ్బాలో పెట్టి బీరువా అడుగు అరలో దాస్తుంది. దాని గురించి ఎక్కువ మాట్లాడదు. మేమూ అడగలేదు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు విజయవాడలో మా సింగ్‌నగర్‌లోకి ఎలా వచ్చిందో అందరూ టీవీలో చూశారు. మంచం మునిగేలోపు అమ్మమ్మని పై వాటా వాళ్లింటికి ఎక్కించగలిగాం, అంతే. అక్కడ ఉండగానే, బుడమేరు గండ్లు పూడ్చడానికి ఆర్మీ ఇంజనీర్లు వచ్చారని ఫోన్‌లో చదివి చెప్పాను. కిటికీలోంచి నీళ్లనే చూస్తూ, "మీ తాతయ్య వాళ్లేగా" అంది. ఇంకేమీ అనలేదు.

నీళ్లు తీశాక కిందికి దిగితే బీరువా బోర్లా పడి ఉంది. చీరలు, పట్టా కాగితాలు, ఫొటోలు, అన్నీ ఒకే నల్లటి ముద్ద. కంపు భరించలేక మూతికి తువ్వాలు కట్టుకుని, చేతికి అందిందల్లా వీధిలో కుప్ప మీద పడేశాను. అందులో తుప్పు పట్టి మూత బిగుసుకుపోయిన డబ్బా ఒకటుంది. తెరిచి చూడలేదు. నేనే విసిరేశాను. నా చేత్తో. రాత్రి పదింటికి గుర్తొచ్చింది. టార్చి పట్టుకుని వీధిలోకి పరిగెత్తితే కుప్ప లేదు, ట్రాక్టర్ ఎత్తుకెళ్లిపోయింది. అమ్మమ్మకి చెప్పలేదు. మీ అందరికీ మెసేజ్ పెట్టింది అప్పుడే.

నిన్న సాయంత్రం ఒకామె గుమ్మం దగ్గర నిలబడింది. నారింజ రంగు కోటు, మోకాళ్ల దాకా బురద. వరద పనికి వేరే ఊరి మునిసిపాలిటీ నుంచి బస్సుల్లో తెచ్చిన పారిశుద్ధ్య కార్మికుల్లో ఆమె ఒకరు. "అమ్మా, మీదేమన్నా పోయిందా?" అంది. మా ఇల్లు మొత్తం పోయింది, ఏమని చెప్పను? కొంచెం విసుగ్గానే అన్నాను, "ఏం పోలేదో అడగండి" అని. ఆమె కదల్లేదు. "బిళ్ల లాంటిదేమన్నా?" అంది.

నాకు నోట మాట రాలేదు.

ఆమె వెంటనే ఇచ్చేయలేదు. ఆ ఇవ్వకపోవడానికే ముందు దణ్ణం పెట్టాలి. "దానికో గుడ్డ పట్టీ ఉంటది. ఏం రంగో చెప్పమ్మా" అంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని, తడబడ్డాను. లోపల మంచం మీద నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది: "సగం నీలం, సగం కాషాయం. కాషాయం అంచున దీపం తగిలి కాలిన మచ్చ ఉంటుంది." అంటే పోయిన సంగతి అమ్మమ్మకి తెలుసు. నన్నేమీ అనలేదంతే.

ఆమె కొంగు ముడి విప్పింది. కుప్ప ఎత్తేటప్పుడు పార తగిలి డబ్బా పగిలిందట. మూడు సింహాలు కనబడితే గవర్నమెంటు వస్తువు అనుకుని పక్కన పెట్టిందట. చదువు రాదు. తాగడానికి తెచ్చుకున్న నీళ్లతో కడిగింది. ఆ రోజుల్లో మా వీధిలో మంచినీళ్ల సీసా అంటే ఏమిటో మాకు తెలుసు. డ్యూటీ అయ్యాక రెండు సాయంత్రాలు, ఆ కుప్ప దగ్గరున్న ఇళ్లన్నీ తలుపు తలుపూ తట్టిందట. మాది పదిహేడో ఇల్లు.

లోపలికి రమ్మంటే కాళ్లకి బురదని మొహమాటపడింది. ఇంట్లో బురద చూపించాను, అప్పుడు నవ్వి వచ్చింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అమ్మమ్మ పక్కన నేల మీద కూర్చుని, "మామ్మగారూ, మీ ఆయన ఏం చేశాడు?" అని అడిగింది. యాభై మూడేళ్లలో ఈ ఇంట్లో ఎవరం అడగని మాట. "నేల కింద బాంబులు దాస్తారమ్మా. వెనక వచ్చేవాళ్ల కాళ్ల కింద పేలకుండా ముందే వెళ్లి తీసేవాడు" అంది అమ్మమ్మ. ఆమె కాసేపు తన చేతుల వంక చూసుకుంది. చిరిగిన గ్లౌజులు, వేళ్లకి గుడ్డ పీలికలు. "మేమూ అంతే మామ్మా. గాజు పెంకులు ముందే ఏరేస్తాం, వెనకోళ్లకి గుచ్చుకోకుండా" అంది.

నేను వంటగదిలోకి వెళ్లిపోయాను. ఎంతసేపు ఏడ్చానో తెలీదు. బయటికి వచ్చేసరికి అమ్మమ్మ ఆమెకి తాతయ్య రాసిన ఉత్తరాల గురించి చెబుతోంది. మాకెప్పుడూ చెప్పనివి.

అక్కా, మీ పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. కుప్పలోంచి వస్తువు తీశారని సూపర్‌వైజర్ తిడతాడన్నారు. ఇది మీకు ఎవరైనా చదివి వినిపిస్తారనే ఆశ.

ఈ మాట కూడా అనకుండా ఉండలేను. మెడల్ పోయిందనగానే డూప్లికేట్ కోసం ఒక ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎఫ్‌ఐఆర్ కావాలి, అఫిడవిట్ కావాలి, ఒరిజినల్ సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ కూడా వరదలోనే పోయింది సార్ అంటే, "అయితే అది పోయినట్టు ఇంకో అఫిడవిట్" అన్నారు. వరద నష్టం రాసుకోవడానికి వచ్చినాయన టీవీ, ఫ్రిజ్, బండి అడిగాడు. వీర చక్ర అంటే, "ఆ కాలమ్ లేదమ్మా" అన్నాడు. పాపం ఆయన తప్పేమీ లేదు. కింద వాటాకి 25 వేలు ఇస్తామన్నారు, సంతోషం. ఆగస్టు 15కి దండలేసి ఫొటోలు దిగినవాళ్లు ఈ రెండు వారాల్లో ఒక్కరూ "అమ్మమ్మగారు ఎలా ఉన్నారు" అనలేదు. ఢిల్లీలో 2019లో తెరిచిన యుద్ధ స్మారకంలో, త్యాగ చక్ర గోడ మీద తాతయ్య పేరు ఉంది. అమ్మమ్మ ఇంకా చూడలేదు. చాల్లెండి, ఇది కృతజ్ఞతల పోస్టు.

అమ్మ, అన్నయ్య, వదిన, బాబాయ్: మీకు వేరే చెప్పాలా. పై వాటా వాళ్లు ఎనిమిది రోజులు మా నలుగురినీ భరించారు. ఫైరింజన్‌తో ఇల్లు కడిగిన అబ్బాయిలకి థాంక్స్. అమ్మమ్మ బీపీ మాత్రలు అప్పు మీద ఇచ్చిన మెడికల్ షాపాయనకి కూడా, డబ్బులు సోమవారం ఇస్తానండీ.

రిబ్బన్ మరక పోవడం లేదు. కొత్తది కొందామంటే అమ్మమ్మ వద్దంది, మచ్చ ఉన్నదే కావాలట.

అయ్యో, పడవలో పాల ప్యాకెట్లు తెచ్చిన కుర్రాడిని మర్చిపోయాను. రెండో రోజు, నీలం టీషర్టు. తమ్ముడూ, నీ గొడుగు మా దగ్గరే ఉంది.