శ్రీనూ, మే నెలలో లంక పోతే తూర్పు దిక్కే పో

నల్లగొండ

అరేయ్ శ్రీనూ,

అందరూ మంచిగున్నారు కదా? అమ్మకు మోకాళ్ల నొప్పి ఎట్లుంది? నీ ఉత్తరం అందింది. ఎండాకాలం సెలవులకు శ్రీలంక పోదామనుకుంటున్నారని చదివి చాలా సంతోషమైంది. కానీ నువ్వు రాసిన ఊర్ల లిస్టు చూశాక, ఫోన్లో తేలే మాట కాదని కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు, చెల్లెకు కూడా చదివి వినిపించు.

కొలంబో, గాలె, మిరిస్సా, ఎల్లా, కాండీ, సిగిరియా, ట్రింకోమలీ, వీలైతే జాఫ్నా. ఇవన్నీ వారం రోజుల్లో, మే నెలలో, అమ్మతోటి, ఇద్దరు పిల్లలతోటి! చిన్న దేశమే కదా, చుట్టేయొచ్చు అంటున్నావు. నిజమే, మన తెలంగాణలో సగానికి కొంచెం ఎక్కువ ఉంటుందంతే. కానీ అక్కడి రోడ్ల మీద కిలోమీటర్లు తొందరగా కరగవు. కాండీ నుంచి కొలంబోకు 115 కిలోమీటర్లే, దానికి మూడు గంటల పైనే పడుతుంది. కొండలు, మలుపులు, ఊరి వెంట ఊరు. నీ లిస్టు పట్టుకుని పోతే పిల్లలకు కారు కిటికీ తప్ప ఇంకేమీ గుర్తుండదు.

దూరం కన్నా పెద్ద సంగతి వాన. గాలె, మిరిస్సా ఫోటోలు చూసి నువ్వు మనసు పడ్డావు. ఆ నీలం సముద్రం డిసెంబరు నుంచి మార్చి దాకా ఉండేది. మేము సంక్రాంతి సెలవుల్లో పోయినప్పుడు అట్లనే ఉంది. మేలో అదే ఒడ్డున అలలు విరుచుకుపడుతుంటాయి, నీళ్లలో దిగొద్దని ఎర్ర జెండాలు పాతి ఉంటాయి. నైరుతి రుతుపవనాలు మన దగ్గరికి జూన్‌లో వస్తాయి కానీ, లంక నైరుతి మూలను మే చివరికే తాకుతాయి. అంతకుముందు నుంచే అక్కడ వానలు మొదలవుతాయి. అదే సమయంలో తూర్పు తీరం, అంటే ట్రింకోమలీ, నీలావెలి, పాసికూడా, పొడిగా ఎండ కాస్తూ ఉంటుంది. మధ్యలో ఉన్న కొండలు ఆ మేఘాల్లోని నీళ్లన్నీ పిండుకుంటాయి, అవతలికి వట్టి గాలి పోతుంది. పాలమూరు వాడివి, నీకు ఇది వేరే చెప్పాలా? పడమటి కనుమలు వాన తాగేస్తే మన పొలాలు ఆకాశం దిక్కు చూసినట్టే అది. మన దగ్గర కరువు తెచ్చే ఆ ఏర్పాటే అక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా తూర్పు సముద్రాన్ని చెరువులా నిమ్మళంగా ఉంచుతుంది. చలికాలంలో ఈశాన్య రుతుపవనాలు వచ్చి లెక్క తిరగబడుతుంది. తూర్పున వానలు, నైరుతిలో ఎండ.

అందుకే ముందు మన సెలవులు ఎప్పుడో చూడాలి, తర్వాతే ఊర్లు. సంక్రాంతికైతే గాలె వైపు, ఎండాకాలమైతే ట్రింకోమలీ వైపు. దసరా సెలవులకు మాత్రం నేను పొమ్మనను. అక్టోబరు, నవంబరులో మధ్యాహ్నం దాటితే ఏ మూలనైనా ఉరుములతో వాన పడొచ్చు, ఆపైన బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను ఆ కొండ ఊర్లను ఎంత ఘోరంగా దెబ్బతీసిందో టీవీలో చూశాం కదా. కొండల మీదుగా పోయే ఎల్లా రైలు అంటే నీకు ప్రాణమని తెలుసు. ఆ లైన్ కూడా బాగా దెబ్బతిన్నది. ఏ సీజన్‌లో పోయినా అది ఎక్కడి దాకా నడుస్తోందో కనుక్కోకుండా దాని మీద ప్లాన్ కట్టకు.

కాబట్టి నా మాట విని గాలె, మిరిస్సా, ఎల్లా, జాఫ్నా ఈసారికి కొట్టేయ్. సిగిరియా దగ్గర రెండు రాత్రులు, నీలావెలిలో మూడు, కాండీలో రెండు, చివరి రోజు కొలంబో మీదుగా విమానం. ఇంతే. వట్టిగా ఖాళీగా కూర్చునే పూట కూడా ఉండాలిరా, ముఖ్యంగా చెల్లెకు. ఇంట్లో పొద్దుగాల నుంచి రాత్రి దాకా పని చేసే మనిషిని అక్కడ కూడా రోజూ బట్టలు సర్దించి పరుగులు పెట్టిస్తే అది ఆమెకు సెలవు ఎట్లవుతుంది?

విమానాశ్రయం కటునాయకలో ఉంది, కొలంబోకు ఉత్తరాన 30 కిలోమీటర్లు. దిగగానే కొలంబో లోపలికి పోకుండా నేరుగా సిగిరియా దారి పట్టండి, నాలుగు గంటలు. డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోవడం అక్కడ మామూలే. అమ్మ ఉన్నారు కాబట్టి అదే మేలు.

సిగిరియా గురించి నీకు కొంచెం ఎక్కువే చెప్పాలి. అడవిలో నిటారుగా లేచిన దాదాపు 180 మీటర్ల బండ, దాని నెత్తిన రాజభవనం. ఐదో శతాబ్దంలో కాశ్యపుడు అనే రాజు కట్టించాడు. 1,200 మెట్లు ఉంటాయి. గేటు తెరవగానే ఎక్కడం మొదలుపెట్టండి, తొమ్మిది దాటితే బండ కాలుతుంది. సగం ఎత్తులో గోడ మీద రంగుల బొమ్మలు, ఆడవాళ్లవి, పదిహేను వందల ఏళ్ల నాటివి. అక్కడ ఫోటోలు తీయనివ్వరు, అదే మంచిది, కళ్లారా చూస్తాం. అమ్మను మాత్రం ఎక్కించకు. కింద నీటి తోటలున్నాయి, ఆ చెట్ల నీడన చెల్లెనో నువ్వో ఒకరు తోడు కూర్చోండి, వంతులు వేసుకుని ఎక్కండి.

అయితే ఆ బండ కన్నా నా మనసులో నిలిచిపోయింది కాశ్యపుడి నాన్న కథ. ఆయన పేరు ధాతుసేనుడు. కలా వేవ అనే పెద్ద చెరువు తవ్వించిన రాజు. వేవ అంటే సింహళంలో చెరువే. కొడుకు రాజ్యం లాక్కుని, నీ ధనం ఎక్కడ దాచావో చూపించమని తండ్రిని నిలదీశాడు. చెరువు దగ్గరికి తీసుకుపో, చూపిస్తానన్నాడు ముసలాయన. అక్కడ నీళ్లలో దిగి స్నానం చేసి, దోసిట నీళ్లు పట్టి, నాకున్న ధనమంతా ఇదేనన్నాడట. కొడుకు ఆయన్ని చంపించాడు. వాళ్ల పాత చరిత్ర గ్రంథాల్లో ఉన్న కథ ఇది. ఆ చెరువు ఇప్పటికీ నీళ్లతో ఉంది, పొలాలు పారుతున్నాయి. నల్లగొండలో పుట్టి ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన కాళ్లను చూస్తూ పెరిగినవాణ్ని కదా, ఆ కట్ట మీద నిలబడితే నాకు గొంతు పట్టేసింది. పిల్లలకు ఆ కథ అక్కడే చెప్పు.

ఆ చెరువుకు దగ్గర్లోనే అవుకన బుద్ధుడు ఉన్నాడు. 40 అడుగుల పైన, ఒక్క రాతి బండలో చెక్కిన నిలువెత్తు విగ్రహం. మన సాగర్ దగ్గర 2022లో తెరిచిన బుద్ధవనంలో నువ్వు చూశావే, ఎత్తుగా నిలబడిన బుద్ధుడు, అది దీని నమూనానే, శ్రీలంక వాళ్లు ఇచ్చింది. ఇద్దరినీ చూసిన పిల్లలు మనకు ఎంతమంది ఉంటారు చెప్పు? సిగిరియా దగ్గరి దంబుల్లా ఊరి నుంచి గంట ప్రయాణం, పోయి తీరాలి. ఈ రాకపోకలు ఇప్పటివి కూడా కావు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో తామ్రపర్ణి భిక్షువుల ప్రస్తావన ఉంది, సింహళ విహారం ప్రస్తావన ఉంది. తామ్రపర్ణి అంటే లంకే. అంటే వాళ్లు మన కృష్ణ ఒడ్డుకు వచ్చి ఉండిపోయారు. ఇప్పుడు మనం పోయి వాళ్ల ఇల్లు చూసొస్తాం, అంతే.

ఇంకో పూట మిగిలితే పొలన్నరువ. అక్కడ పన్నెండో శతాబ్దపు రాజు పరాక్రమబాహు చెరువుకు పేరే పరాక్రమ సముద్రం. మన పానగల్లులో కందూరు చోడుల ఉదయ సముద్రం ఉన్నట్టే, చెరువుకు రాజు పేరు పెట్టి పక్కన సముద్రం అని చేర్చడం. అక్కడి గల్ విహార బుద్ధ విగ్రహాల దగ్గరికి పెద్దగా మెట్లు లేవు, అమ్మ నెమ్మదిగా నడిచి చూడొచ్చు.

ఇక ట్రింకోమలీ. అమ్మకు ఇదే అసలు యాత్ర. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం లంకలోని శాంకరీ దేవితోనే మొదలవుతుంది, ఐదో పేరు మన అలంపురం జోగులాంబ. ఏటా జోగులాంబ తల్లిని చూసొచ్చే అమ్మకు మొదటి పీఠం దక్కాలంటే ఈ ఊరికే పోవాలి. సముద్రంలోకి చొచ్చుకుపోయిన స్వామి రాక్ అనే కొండ కొమ్మున కోనేశ్వర స్వామి గుడి, అమ్మవారి గుడి అక్కడే. పాత గుడి లేదు, 1622లో పోర్చుగీసువాళ్లు కూల్చేశారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. ఈ మాట అమ్మకు ముందే చెప్పి తీసుకుపో. వేల ఏళ్ల గుడిని ఊహించుకుని కొత్త గోపురం చూస్తే మనసు చిన్నబుచ్చుకుంటారు. చోటు మాత్రం గొప్పది. కింద చాలా లోతున సముద్రం, దారిలో కోట లోపల జింకలు మనుషులకు భయపడకుండా తిరుగుతుంటాయి. మధ్యాహ్నం గుడికి పోవద్దు. మేలో అలంపురం గుడి ఆవరణలో అరికాళ్లు కాలుతాయి కదా, అక్కడా అంతే. అమ్మకు మందపు సాక్సులు పెట్టుకో.

మీరు దిగాల్సింది ఊర్లో కాదు, 15 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న నీలావెలిలో. తెల్లటి ఇసుక, దూరం దాకా లోతు లేని నీళ్లు. సాగర్ డ్యామ్ నీళ్లు తప్ప సముద్రం ఎరగని పిల్లలకు మొదటి సముద్రం ఇట్లాంటిదే కావాలి. అయినా వదిలేయకు, చేయి పట్టుకునే ఉండు. ఎదురుగా పావురాల దీవి, పడవలో పోతారు. కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలోకి చూస్తే పగడాలు, రంగు చేపలు, చిన్న సొర చేపలు. అవి ఏమీ చేయవు, పెద్దోడికి ముందే చెప్పు. పగడాల మీద కాలు పెట్టనివ్వకు, ఒకసారి విరిగితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఊరి దగ్గర్లో కన్నియ అనే చోట ఏడు వేడినీళ్ల బావులున్నాయి, రావణుడి కథతో ముడిపెట్టి చెబుతారు. అమ్మకు నచ్చుతుంది.

తిండి గురించి భయపడకు. అన్నం, పప్పు, కొబ్బరి కూరలు, ఆప్పాలు, ఇడియాప్పాలు అన్నీ మన నాలుకకు పట్టేవే, కారం కూడా గట్టిగానే ఉంటుంది. అమ్మ నీచు ముట్టరు కాబట్టి ఒక్క జాగ్రత్త. పోల్ సంబోల్ అని కొబ్బరి కారం పెడతారు, చూస్తే మన పచ్చడే అనిపిస్తుంది, కానీ చాలాసార్లు అందులో ఎండు చేప పొడి కలుపుతారు. కూరల్లో కూడా వేస్తారు. వండేవాళ్లను అడిగాకే అమ్మకు వడ్డించు. ట్రింకోమలీలో తమిళుల శాకాహార హోటళ్లు ఉన్నాయి, అక్కడ ఆ బాధ లేదు. మట్టి ముంతలో గేదె పెరుగు మీద తాటిజాతి చెట్టు నుంచి తీసే కితుల్ పాకం పోసి ఇస్తారు. అది రోజూ తినండి.

కాండీ గురించి రెండు ముక్కలే. బుద్ధుడి పన్నును దాచి పూజించే దంతధాతువు గుడికి సాయంత్రం పూజ వేళకు పోండి, డప్పులు మోగుతుంటాయి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, బుద్ధుడికి వీపు పెట్టి ఫోటో దిగకూడదు, అక్కడివాళ్లకు అది నొప్పి కలిగించే విషయం. మరునాడు పేరాదేనియ తోట. కాండీని 1815 దాకా ఏలిన చివరి రాజులు నాయకులు, మదురై నాయకుల బంధువర్గం, మూలాలు తెలుగు వైపే. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహను ఇంగ్లీషువాళ్లు వెల్లూరు తెచ్చి బందీగా ఉంచారు, 1832లో అక్కడే పోయాడు. కొలంబోకు ఒక సాయంత్రం చాలు. గాల్ ఫేస్ మైదానంలో సముద్రపు గాలికి పిల్లలతో గాలిపటాలు ఎగరేయించి విమానానికి పోండి.

మీ తేదీల్లో వైశాఖ పౌర్ణమి పడుతుందేమో చూసుకో. వెసాక్ అంటే వాళ్లకు అన్నిటికన్నా పెద్ద పండుగ. ఊరంతా కాగితపు దీపాలు, రోడ్డు పక్కన పందిళ్లు వేసి ఎవరొచ్చినా ఉచితంగా అన్నం పెడతారు. చూడాల్సిన పండుగే, కానీ గదులు దొరకవు, చాలా ముందే బుక్ చేయాలి.

పైసల సంగతి. మన రూపాయికి వాళ్లవి మూడుకు పైనే వస్తాయి, కానీ హోటల్, టికెట్ ధరలు ఆ లెక్కలోనే ఉంటాయి, అంతా చౌక అనుకోకు. సిగిరియా, పొలన్నరువ లాంటి చోట్ల విదేశీ టికెట్ బాగా ఎక్కువ, మన సార్క్ దేశాల వాళ్లకు తగ్గింపు ఉంటుంది. పాస్‌పోర్టు చూపిస్తేనే ఇస్తారు, రూమ్‌లో వదిలి పోవద్దు. ఈటీఏ, అంటే ప్రయాణానికి ముందే తీసుకునే అనుమతి, ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనే రోజే వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్ చూడు. హైదరాబాద్ నుంచి నేరుగా పోయే విమానమే పట్టు, చెన్నైలో మారే దాని కోసం అమ్మను రాత్రంతా కూర్చోబెట్టకు.

అమ్మ పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలైనా ఉండాలి. బీరువాలోంచి తీసి ఈ రోజే చూడు, లేకుంటే రెన్యువల్‌కు ఇప్పుడే పెట్టాలి. అది చూసి నాకు ఫోన్ చెయ్యి, నీలావెలిలో మేము దిగిన ఇంటివాళ్లతో నేనే మాట్లాడతా.

నీ
వెంకటి