మబ్బును వీడియో తీసేటప్పుడు

ఎడిటర్ గారికి,

వేసవి సాయంత్రాల్లో ఉరుములు, మెరుపులు తెచ్చే క్యుములోనింబస్ మబ్బులు పెరగడాన్ని చాలామంది ఫోన్లో టైమ్‌ల్యాప్స్ (కొన్ని సెకన్లకో ఫొటో తీసి, వేగంగా ఆడించే వీడియో) తీస్తున్నారు. చూడముచ్చటైన పనే, కానీ ఎక్కువ వీడియోల్లో వెలుతురు మిణుకుమిణుకుమంటుంది. ఫోన్ తనంతట తానే వెలుతురు సర్దే ఆటో ఎక్స్‌పోజర్ చేసే పని ఇది. మబ్బులో బాగా తెల్లగా ఉన్నచోట వేలితో నొక్కిపట్టి ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ లాక్ చేసి, వెలుతురు కాస్త తగ్గించాలి. లేదంటే కాలీఫ్లవర్ లాంటి అంచులు సున్నం కొట్టినట్టు తెల్లబడి, మడతలు కనిపించవు.

5 సెకన్లకో ఫొటో అయితే గంటకు 720; సెకనుకు 24 చొప్పున ఆడిస్తే అరనిమిషం వీడియో. ఎదిగే మబ్బుకు 2, 3 సెకన్లే మేలు, లేకుంటే బుడగలు గెంతినట్టుంటాయి. ఈకల్లాంటి సిర్రస్‌కు 10 చాలు.

మబ్బు నెత్తిమీదికొస్తే రూపం తెలియదు. దూరాన ఉండగానే, సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకుని, ఫ్రేములో పై సగం ఖాళీ వదిలి మొదలుపెట్టాలి. మబ్బు తల కమ్మరి దాగలిలా పరుచుకునేది అక్కడే. అంచు పీచుపీచుగా మారిందంటే పైభాగం మంచు స్ఫటికాలైనట్టు.

ఉరుము వినపడగానే డాబా దిగాలి; చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు పైకి పోకూడదు.

పాఠకుల మబ్బు ఫొటోల కింద తీసిన సమయం, దిక్కు కూడా అచ్చువేయండి.

— ఒక పాఠకుడు, వరంగల్