తాళం వేయాల్సిన చోట విన్నపం రాసిపెడుతున్నారు

సంపాదకులకు నమస్కారం.

మా మేనమామది కవిటి మండలంలో కొబ్బరి తోటల మధ్య ఉన్న చిన్న ఊరు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో పుట్టిన చాలామందిలాగే ఆయన కూడా ఏడాదికి రెండుసార్లు రక్తపరీక్ష చేయించుకుని, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే సీరం క్రియాటినిన్ ఎంత వచ్చిందో చూసుకుని, ఆ కాగితాన్ని బీరువాలో పెట్టుకుంటారు. గత ఏడాది ఆయన కూతురికి సంబంధం చూస్తున్నప్పుడు, అవతలి వారి తరఫు కుర్రవాడొకరు ఆయన పేరును, ఊరి పేరును కలిపి ఫోన్‌లో వెతికితే, బీరువాలో ఉందని మేమంతా అనుకున్న ఆ రిపోర్టు సెర్చ్ ఇంజిన్ మొదటి ఫలితాల్లోనే కనిపించింది. పేరు, వయసు, ఫోన్ నంబరు, పరీక్ష విలువలు అన్నీ అందులో ఉన్నాయి. కిడ్నీ జబ్బు మాట వినిపిస్తేనే సంబంధాలు వెనక్కి వెళ్లే ప్రాంతంలో ఆ ఇంటికి కలిగిన బాధ ఎలాంటిదో ఈ జిల్లా పాఠకులకు నేను వివరించనక్కరలేదు. శ్రీకాకుళంలో వెబ్ అప్లికేషన్లు తయారుచేసి నడపడమే నా జీవనోపాధి కాబట్టి, ఇది ఎలా జరిగిందో కనుక్కోమని వారు నన్నే అడిగారు. కనుక్కున్నది మీ పత్రిక ద్వారా నలుగురికీ తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఆ ల్యాబ్ పేరు ఇక్కడ రాయను. రోగులు రిపోర్టు కోసం మళ్లీ బస్సెక్కి పట్నం రానవసరం లేకుండా వారు ఒక వెబ్ అప్లికేషన్ పెట్టించుకున్నారు. ఆ ఉద్దేశం మంచిదే. రిపోర్టు సిద్ధం కాగానే ఫోన్‌కు ఒక లింకు వస్తుంది, నొక్కితే పీడీఎఫ్ తెరుచుకుంటుంది. కానీ దానికి పాస్‌వర్డు లేదు, ఓటీపీ లేదు. లింకు చివర వరుస సంఖ్య ఉంటుంది, ఫైలు పేరులో రోగి పేరు ఉంటుంది. అంతకన్నా ఘోరం, పాత రిపోర్టులన్నింటినీ తేదీల వారీగా చూపే పేజీ ఒకటి సిబ్బంది కోసం తయారై, లాగిన్ అడగకుండానే ఎవరికైనా తెరుచుకునేది. సెర్చ్ ఇంజిన్ తరఫున తిరిగే ప్రోగ్రామును క్రాలర్ అంటారు. ఒక పేజీలో కనిపించిన లింకులను పట్టుకుని మరో పేజీకి, అక్కడి నుంచి ఇంకో పేజీకి వెళ్లడం దాని పని. అది ఆ తేదీల పేజీని చేరుకుంది, అందులోని లింకులన్నీ తెరిచింది, చూసినదాన్ని సూచికలో, అంటే ఎవరైనా వెతికితే చూపడానికి సెర్చ్ ఇంజిన్ దాచుకునే జాబితాలో, చేర్చుకుంది. అది ఏ తాళమూ పగలగొట్టలేదు, ఎందుకంటే అక్కడ పగలగొట్టడానికి తాళమే లేదు.

మేము ఫిర్యాదు చేసిన మర్నాడే ఆ అప్లికేషన్ తయారుచేసినవారు ఫోన్ చేసి, "రోబోట్స్ ఫైల్లో రిపోర్టుల ఫోల్డరును బ్లాక్ చేశామండీ, ఇక రాదు" అన్నారు. మూడు వారాలు గడిచినా మా మేనమామ పేరు ఫలితాల్లో అలాగే ఉంది. లోపలి వివరం మాత్రం పోయి, ఈ పేజీ గురించి సమాచారం అందుబాటులో లేదన్న వాక్యం దాని కింద చేరింది. నొక్కితే రిపోర్టు మునుపటిలాగే తెరుచుకుంటోంది. వారు చేసినది పరిష్కారం కాకపోగా, అసలు పరిష్కారానికి అడ్డం ఎలా పడిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు మన జిల్లాల్లోని చాలామంది డెవలపర్ల దగ్గర నేను చూశాను. ఒకప్పుడు నేనూ చేశాను.

రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనేది ఒక మామూలు అక్షరాల ఫైలు. ఏ క్రాలర్ ఏ దారుల్లోకి రావద్దో, ఏ దారుల్లోకి రావచ్చో అందులో రాస్తారు. 1994లో మార్టిన్ కోస్టర్ ఈ పద్ధతిని ప్రతిపాదించారు. దాదాపు మూడు దశాబ్దాలు అది ఒక మర్యాదగా నడిచి, 2022 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 9309 పేరుతో ప్రామాణిక పత్రంగా వెలువడింది. ఈ నియమాలు ప్రవేశానికి అనుమతి ఇచ్చే వ్యవస్థ కాదని ఆ పత్రమే స్పష్టంగా చెబుతుంది. అంటే ఆ ఫైలు ఒక విన్నపం మాత్రమే. మర్యాద తెలిసిన క్రాలర్ దాన్ని చదివి పాటిస్తుంది, మర్యాద లేనిది పట్టించుకోదు, మనిషికైతే అది అడ్డే కాదు. పైగా ఆ ఫైలును ఎవరైనా తెరిచి చదవవచ్చు. రోగుల రిపోర్టులు ఫలానా ఫోల్డరులో ఉన్నాయి, అటు వెళ్లవద్దు అని అందులో రాయడమంటే, సొమ్ము ఏ గదిలో ఉందో వీధి గుమ్మం మీద రాసిపెట్టి తలుపు బార్లా తెరిచి ఉంచడమే.

ఇక రెండో సంగతి. క్రాలర్‌ను రావద్దనడం వేరు, సూచికలోంచి తీసేయమనడం వేరు. రావద్దని రాసిన పేజీకి మరెక్కడి నుంచైనా లింకు ఉంటే, సెర్చ్ ఇంజిన్ ఆ పేజీని చూడకపోయినా దాని చిరునామాను ఫలితాల్లో చూపగలదు. మా విషయంలో ఆ చిరునామాలోనే మనిషి పేరు ఉంది. తీసేయమని చెప్పడానికి నోఇండెక్స్ అనే సూచన ఉంది. మామూలు పేజీ అయితే దాని తలభాగంలో, పీడీఎఫ్ లాంటి ఫైలు అయితే ఫైలుతో పాటు సర్వర్ పంపే ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ అనే హెడర్‌లో (ఫైలుకు ముందు వెళ్లే సమాచార వరుసలో) దాన్ని పెట్టాలి. అయితే క్రాలర్ ఆ పేజీ దాకా వచ్చి తెరిస్తేనే కదా ఆ సూచన దాని కంటపడేది! గుమ్మం దగ్గరే ఆపేస్తే లోపల అతికించిన నోటీసు అది చదవలేదు, పేజీకి లాగిన్ పెట్టారన్న సంగతీ దానికి తెలియదు. పాత చిరునామా సూచికలో అలాగే మిగిలిపోతుంది. నోఇండెక్స్‌ను రోబోట్స్ ఫైల్లోనే రాసే అలవాటు కూడా కొందరికి ఉంది. గూగుల్ 2019 సెప్టెంబరు 1 నుంచి దాన్ని పరిగణించడం మానేసింది. పాత పాఠాలు చూసి ఇప్పటికీ అలా రాస్తున్నవారు ఈ సంగతి గమనించాలి.

చివరికి మేము పట్టుబట్టి చేయించిన పని ఇది. మొదట తేదీల పేజీని మూయించాం. తరువాత ప్రతి రిపోర్టుకూ లాగిన్ పెట్టించాం. అనుమతి లేని వారెవరు అడిగినా, క్రాలర్ అడిగినా, సర్వర్ నిరాకరించాలి, అలా నిరాకరించినట్టు 401 లేదా 403 అనే సంకేత సంఖ్యతో చెప్పాలి. ఆ తరువాతే రోబోట్స్ ఫైల్లోని నిషేధాన్ని తీసేయించాం. ఇది విని ల్యాబ్ యజమాని కంగారుపడ్డారు గానీ, క్రాలర్ మళ్లీ వచ్చి తలుపు మూసి ఉందని చూసుకుంటేనే ఆ చిరునామాలను వదులుకుంటుంది. అంతవరకూ ఆగలేం కాబట్టి, సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లోని తొలగింపు సదుపాయం ద్వారా ఆ చిరునామాలన్నింటికీ దరఖాస్తు పెట్టించాం. అది సుమారు ఆరు నెలలు దాచిపెడుతుంది, శాశ్వతంగా తీసేయదు. ఆ వ్యవధిలోగా తాళం పడకపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇదే ఫైలు అపార్థం రెండో వైపు నుంచి కూడా నష్టం చేస్తోంది. పొందూరులో ఖద్దరు నేసే కుటుంబానికి చెందిన ఒక అమ్మాయి తమ వస్త్రాలు నేరుగా అమ్ముకోవడానికి ఆన్‌లైన్ దుకాణం తెరిచింది. వాలుగ చేప దవడతో పత్తిని ఏకడం దగ్గర నుంచి సన్న నూలు వడకడం, నేత దాకా ఫోటోలు తీసి, తెలుగులో వివరాలు రాసి, ఎంతో శ్రద్ధగా పెట్టింది. ఐదు నెలలైనా ఎంత వెతికినా ఆ దుకాణం కనిపించలేదు. మధ్యవర్తుల దుకాణాలే కనిపించాయి. నేను చూసేసరికి, సైటు పరీక్ష దశలో ఉన్నప్పుడు రాసిన నిషేధం రోబోట్స్ ఫైల్లో అలాగే మిగిలిపోయి ఉంది. డిసలౌ అనే మాట ఎదురుగా ఏమీ రాయకపోతే అంతా చూడవచ్చని అర్థం, ఒక్క ఏటవాలు గీత ఉంటే సైటు మొత్తంలో ఏదీ చూడవద్దని అర్థం. ఐదు నెలల అమ్మకాలు ఆ ఒక్క గీత దగ్గర ఆగిపోయాయి. పరీక్ష దశలో ఉన్న సైటును దాచడానికి పాస్‌వర్డే సరైన మార్గం. పాస్‌వర్డును ప్రారంభం రోజు ఎవరూ మరచిపోరు, ఎందుకంటే అది ఉంటే మనుషులు కూడా లోపలికి రాలేరు. ఈ గీత మాత్రం మనుషులకు కనిపించదు.

ఇంకొకరి అప్లికేషన్ విజయనగరంలోనిది. భద్రత కోసమని విదేశీ ఐపీ చిరునామాల (నెట్‌లో ప్రతి కంప్యూటరుకూ ఉండే సంఖ్యల) నుంచి వచ్చే అభ్యర్థనలన్నింటినీ, రాకపోకలను వడపోసే ఫైర్‌వాల్‌లో ఆపేశారు. గూగుల్ క్రాలర్ ఎక్కువగా అమెరికాలోని చిరునామాల నుంచే వస్తుందని వారికి తెలియదు. పౌరులకు కావాల్సిన సమాచారం పెట్టి, దాన్ని వెతికి చూపే సాధనాన్ని గుమ్మంలోనే వెనక్కి పంపితే ఆ సమాచారం ఉండీ లేనట్టే. అలాగని గూగుల్ క్రాలర్ పేరైన గూగుల్ బాట్ అని చెప్పుకున్న ప్రతిదాన్నీ నమ్మకూడదు. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. వచ్చిన ఐపీ చిరునామా గూగుల్‌కు చెందిన డొమైన్ పేరునే చూపుతోందో లేదో, ఆ పేరు తిరిగి అదే ఐపీని చూపుతోందో లేదో సరిచూసుకునే పద్ధతి ఉంది. అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్ మీద క్రాలర్ల భారం ఎక్కువైనప్పుడు కొన్ని గంటలపాటు ఇప్పుడు కాదు, తరువాత రండి అని చెప్పే 503 లేదా 429 సంకేతం ఇస్తే అవి వేగం తగ్గించుకుంటాయి. రోజుల తరబడి ఇస్తే మాత్రం పేజీలు సూచికలోంచే జారిపోవచ్చు. ఒక్కో అభ్యర్థనకూ మధ్య ఇంత విరామం ఇవ్వమని రోబోట్స్ ఫైల్లో క్రాల్-డిలే అని రాస్తే బింగ్ గౌరవిస్తుంది, గూగుల్ పట్టించుకోదు. కృత్రిమ మేధ శిక్షణకు తమ రాతలు వాడవద్దనుకునేవారు 2023 నుంచి ప్రకటితమైన జీపీటీబాట్ (ఓపెన్‌ఏఐది), గూగుల్-ఎక్స్‌టెండెడ్ (గూగుల్‌ది) పేర్లను రోబోట్స్ ఫైల్లో విడిగా రాసి ఆపవచ్చు. దానికోసం అందరికీ కలిపి నిషేధం రాసి, వెతుకులాట నుంచే మాయమైపోనవసరం లేదు.

జిల్లా యంత్రాంగాలకు, ఆసుపత్రులకు, ల్యాబ్‌లకు, సహకార సంఘాలకు నేను చేసే విజ్ఞప్తి ఒకటే. వెబ్ అప్లికేషన్ పని అప్పగించే ఒప్పందంలో, వ్యక్తుల వివరాలున్న ప్రతి పేజీకీ లాగిన్ ఉండాలని, బహిరంగ పేజీలు సెర్చ్ ఇంజిన్‌కు అందుతున్నట్టు చూపించాకే చివరి బిల్లు చెల్లిస్తామని రెండు వాక్యాలు చేర్చండి. మొదటిదాన్ని తనిఖీ చేయడానికి నిపుణులు అక్కరలేదు. లాగిన్ కాని ఫోన్‌లో ఒక రిపోర్టు లింకు తెరిచి చూస్తే చాలు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, తగిన రక్షణ చర్యలు తీసుకోని సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా విధించే వీలు కల్పించింది. రోబోట్స్ ఫైల్లో ఒక వరుస రాశామన్నది అక్కడ తగిన రక్షణ చర్యగా నిలుస్తుందని నేను అనుకోను. విజయనగరంలోని జేఎన్‌టీయూ, ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం తమ విద్యార్థులకు వెబ్ పాఠాలు చెప్పేటప్పుడు ఈ తేడాను ఒక్క గంట ప్రయోగ తరగతిలో చూపించగలిగితే, రేపు ఈ జిల్లాల సంస్థలకు సాఫ్ట్‌వేర్ రాసేది వారే కాబట్టి, నాలాంటివారు నష్టం జరిగాక పరుగెత్తే పని తగ్గుతుంది.

మా మేనమామ రిపోర్టు ఇప్పుడు వెతికినా కనిపించడం లేదు. కానీ ఆ తేదీల పేజీలో ఆయన పేరొక్కటే లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల ఊళ్ల పేర్లతో వందలమంది వివరాలు నేను కళ్లారా చూశాను. తమ రిపోర్టు ఇంతకాలం బయట ఉందని వారిలో ఒక్కరికీ ఇప్పటిదాకా కబురు అందలేదు. రిపోర్టు సిద్ధమైందని సందేశం పంపిన ఆ నంబర్లన్నీ ల్యాబ్ దగ్గరే ఉన్నాయి. అదే నంబర్లకు జరిగినదేమిటో తెలుపుతూ తెలుగులో ఒక సందేశం పంపమని రెండుసార్లు రాతపూర్వకంగా అడిగాను, జవాబు రాలేదు. ఈ లేఖ ద్వారా మూడోసారి అడుగుతున్నాను.

భవదీయుడు,
ఒక వెబ్ డెవలపర్,
శ్రీకాకుళం