దిమాక్ కాదమ్మా, మన్

కొలంబస్, ఒహాయో

అమ్మా,

మంచిగున్నవా? నాయిన మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ల అయితే నాయిన ప్రశ్నలకే టైమంత పోతది, అందుకే రాస్తున్న.

"సైకాలజీ చదువుతున్ననంటవ్, మరి ఆ ముసలోళ్ళ దగ్గర కూరగాయలు కోసుడేంది?" అని అడిగినవ్ గదా. అది గూడ చదువేనమ్మా. ఇక్కడ నేపాలీ మాట్లాడే భూటాన్ వాళ్ళు మస్తు మంది ఉన్నరు. 1990ల మొదట్ల భూటాన్ వెళ్ళగొడితే నేపాల్ క్యాంపులల్ల ఇరవై ఏండ్ల దాకా బతికి, 2008 నుంచి అమెరికాకు వచ్చినోళ్ళు. మా మేడం మొదటి ఆరు వారాలు కౌన్సెలింగ్ మాటే ఎత్తనియ్యలే. నోటుబుక్కు గూడ వద్దన్నది. కరెంటు బిల్లు చదివి చెప్పుడు, సిటిజన్‌షిప్ పరీక్షకు చదివిపిచ్చుడు, గుండ్రుక్ అని వాళ్ళు తినే పులిసిన ఆకుకూర కోసం ఆకులు ఎండవెట్టుడు, ఇదే పని.

నాకు లోపల కొంచెం పొగరుండె. తెల్ల పోరగాళ్ళకైతే కష్టం గని నాకేంది, హిందీ వస్తది, పెద్దోళ్ళకు దండం పెడ్త అనుకున్న. ఒకనాడు ఒక ముసలామె నిద్ర పడ్తలేదన్నది. మన హైదరాబాద్ హిందీల "దిమాక్ మే టెన్షన్ హై క్యా?" అన్న. ఆమె స్టీలు గ్లాసు పక్కకు వెట్టింది, కొంగు సర్దుకున్నది, లేచిపోయింది. చాయ్ సగం అట్లనే ఉంది.

ఆమె మనుమరాలు తర్వాత చెప్పింది. నేపాలీల మన్ వేరు, దిమాక్ వేరు. మన్‌కు బాధ ఎవరికన్న అయితది, చెప్పుకోవచ్చు. దిమాక్ చెడిందంటే పిచ్చి అన్నట్టే, ఇంటి పరువు పోతది. మనమేమో పొద్దున లేస్తే "దిమాక్ ఖరాబైందా" అంటం, ఆటోవాలాను, తమ్ముణ్ణి, కుక్కర్‌ను గూడ!

క్లాసుల ఇదంత చదివిన. వేరే సంస్కృతులోళ్ళకు కౌన్సెలింగ్ ఎట్ల చెయ్యాల్నో డెరాల్డ్ వింగ్ స్యూ అనే సైకాలజిస్టు వాళ్ళు 1992లనే రాసిండ్రు: ముందు నీలోపలి అభిప్రాయాలు నీకు తెలవాలె, తర్వాత ఎదుటోళ్ళ సంగతి, ఆ తర్వాత పని నేర్పు. పరీక్షల మంచి మార్కులే వచ్చినయ్. మొదటిదే నాకు రాలేదని ఆ సగం చాయ్ చూసినంక తెలిసింది.

అంతకు ముందు క్లాసుల మన సికింద్రాబాద్ మహంకాళి బోనాలు, అమ్మవారు పూనినామె పచ్చికుండ మీద నిలబడి రంగం, అంటే రాబోయే సంగతులు చెప్పుడు, అన్నీ చెప్పిన. ఒక పిల్ల "అది రోగమేనా?" అన్నది. నాకు మండింది. జనం ఒప్పుకున్న పూజల భాగమైతే దాన్ని రోగం కింద లెక్కపెట్టొద్దని మానసిక రోగాలను గుర్తువట్టే డీఎస్ఎం పుస్తకంలనే ఉంది, చదువుకో అన్న. ఆ పిల్ల అడగనన్న అడిగింది. నేను అడగకుండనే మాట విసిరిన.

పోయిన వారం ముసలామె మళ్ళ వచ్చి నా పక్కన కూసున్నది. నేనేం అడగలే. ఇద్దరం ముల్లంగి కోసినం.

చిన్నమ్మ బిడ్డ ఎర్రగడ్డ మానసిక రోగాల దవాఖానకు ట్రైనింగ్‌కు పోతదన్నవ్ గదా. పోయేముందు నీ దగ్గర ఒక పూట కూసొమ్మను. మనసు బాగలేకుంటే నువ్వు "పానం బాగలేదు" అంటవ్. కింది ఇంటి ఖాలా "దిల్ ఘబ్రా రహా" అంటది. బార్కస్ నుంచి వచ్చే అత్తరు తాత ఏమంటడో నాకు తెల్వది, అడిగి నాకు గూడ చెప్పుమను.

చింతకాయ తొక్కు పంపు. ఆమెకు గూడ ఇస్త, కారం ఎక్కువ వేయకు.

నీ బిడ్డ